చేతి పట్టు తగ్గాక స్కేల్ మోడల్ కట్టడం: నాలుగు పనిముట్ల సమీక్ష

హైదరాబాద్ రాణిగంజ్‌లో కొన్న, వస్తువును దవడల మధ్య బిగించి పట్టే ఒక చిన్న బల్ల వైస్, కోఠి గుజరాతీ గల్లీలో సోల్డరింగ్ పనివారికి అమ్మే క్లిప్పుల స్టాండు, స్వర్ణకారులు వాడే తిరగబడ్డ ట్వీజర్, జపాన్ నుంచి తెప్పించుకున్న, గాలితో రంగు చిమ్మే ట్రిగ్గర్ ఎయిర్‌బ్రష్: ప్లాస్టిక్ ముక్కలు అతికించి అసలు విమానాల చిన్న నమూనాలు కట్టే పనికి వాడిన ఈ నాలుగింటినీ ఒకే దృష్టితో పరిశీలించి రాస్తున్న సమీక్ష ఇది. వీటిని వాడి చూసిన చేయి పూర్తి బలమున్న చేయి కాదు. సంక్రాంతి రోజుల్లో ఫ్లైఓవర్ మీద బండిపై వెళ్తుండగా మెడకు అడ్డంగా వచ్చిన నైలాన్ మాంజాను పట్టుకుని ఆపవలసి వచ్చినప్పుడు, కుడి చూపుడువేలిని లోపలికి ముడిచే టెండన్ (కండరాన్ని ఎముకకు కలిపే తాడు) తెగింది. బొటనవేలి కొసకు స్పర్శనిచ్చే నాడి కూడా దెబ్బతిన్నది. ఆ మాంజాను జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లోనే దేశమంతటా నిషేధించింది. నిషేధం కాగితాల మీద ఉంది, దారం మాత్రం ఏటా జనవరిలో కరెంటు తీగల మీద వేలాడుతూనే ఉంది.

చికిత్స సంగతి వైద్యులు చెప్పవలసినది కనుక దాని జోలికి పోను. అయితే కుట్టిన టెండన్ గట్టి పట్టుకు తట్టుకునే స్థితికి రావడానికి సాధారణంగా 12 వారాల వరకు పడుతుందనీ, చికిత్స చేసినవారు అనుమతించకముందు నిప్పర్ (ప్లాస్టిక్ కాడలు కత్తిరించే చిన్న కట్టర్) నొక్కడం, మూతలు తిప్పడం వంటివి కుట్టును మళ్లీ తెంపగలవనీ పాఠకులు గుర్తుంచుకోవాలి. నాడి సంగతి ఇంకా నిదానం. కుట్టిన చోటి నుంచి అది రోజుకు సుమారు 1 మిల్లీమీటరు చొప్పున పెరుగుతుంది కాబట్టి వేలి కొసకు స్పర్శ తిరిగి రావడం నెలల మీద పని, వచ్చినా మునుపటంత స్పష్టంగా ఉంటుందన్న హామీ లేదు. అందువల్ల చేయి పూర్తిగా బాగయ్యేదాకా అభిరుచిని అటక ఎక్కించడమా, ఉన్న చేతికి తగినట్టు పనిని మార్చుకోవడమా అన్న ప్రశ్న వస్తుంది. ఈ సమీక్ష రెండో దారి ఎంచుకున్నవారి కోసం.

పనిముట్టును ఎంచడంలో నేను పెట్టుకున్న కొలత ఒక్కటే. అది చేతి నుంచి ఏ రకమైన పట్టును కోరుతుంది? సూదిని పట్టుకున్నప్పుడు బొటనవేలి కొస, చూపుడువేలి కొస కలిసి చేసేది కొసపట్టు. తాళంచెవి తిప్పేటప్పుడు బొటనవేలు చూపుడువేలి పక్కభాగాన్ని నొక్కుతుంది. మామూలు చేతిలో కూడా కొసపట్టు కంటే ఈ పక్కపట్టుకే బలం ఎక్కువ. బండి హ్యాండిల్‌ను అరచేతితో, వేళ్లన్నిటితో పట్టుకోవడం పిడిపట్టు. స్కేల్ మోడల్ పనిముట్లలో ఎక్కువ భాగం, ఎందుకోగానీ, మూడింటిలో అతి బలహీనమైన కొసపట్టు మీదే ఆధారపడి తయారవుతాయి. కత్తి, ట్వీజర్, వేళ్లతో తిప్పి సన్న రంధ్రాలు చేసే పిన్ వైస్, కుంచె అన్నీ ఆ కోవలోవే. చూపుడువేలు సగమే ముడుచుకుని, బొటనవేలి కొస మొద్దుబారిన చేతికి సరిగ్గా ఆ పట్టే కరువు. పట్టుకునే బాధ్యతను బల్లకు, స్ప్రింగుకు, అరచేతికి పంచిపెట్టి, వేళ్లకు దారి చూపే పని మాత్రమే మిగిల్చే పనిముట్టు నా దృష్టిలో మంచి పనిముట్టు.

పరీక్షకు ఎంచుకున్న కిట్ జపాన్ మోడళ్ల సంస్థ టామియా 2018లో కొత్త అచ్చులతో విడుదల చేసిన 1/48 (అంటే అసలులో 48వ వంతు) స్పిట్‌ఫైర్ మార్క్ 1, రెండో ప్రపంచ యుద్ధకాలపు బ్రిటిష్ యుద్ధవిమానం. అంతకుముందు 1/72 కొలతలోనే కట్టేవాడిని. అసలు విమానం రెక్కల వెడల్పు 11.23 మీటర్లు, 1/72లో అది సుమారు 156 మిల్లీమీటర్లకు కుదించుకుపోతే, 1/48లో 234 మిల్లీమీటర్లు వస్తుంది. చక్రాల కాళ్లు, ఎగ్జాస్ట్ గొట్టాలు, కాక్‌పిట్‌లోని సీటు అన్నీ అదే నిష్పత్తిలో పెరుగుతాయి కాబట్టి కొలత మార్చడమే చేతికి దొరికే మొదటి ఊరట, దానికి ఏ పనిముట్టూ కొననక్కరలేదు. టామియా పార్టులు ఒకదానిలో ఒకటి చక్కగా కూర్చుంటాయన్నది అందరికీ తెలిసిన సంగతే. పుట్టీ పెట్టి అరగదీసే శ్రమ తగ్గడం గాయపడిన వేళ్లకు చిన్న మేలు కాదు. స్పిట్‌ఫైర్‌నే ఎంచుకోవడానికి ఇంకొక కారణం ఊరిది. నిజాం ఇచ్చిన విరాళం వల్ల ఆయన రాజ్యం పేరు పెట్టుకున్న బ్రిటిష్ వైమానిక దళపు 152వ హైదరాబాద్ స్క్వాడ్రన్, 1940లో బ్రిటన్ యుద్ధకాలంలో ఇంగ్లాండ్‌లోని డోర్సెట్ ప్రాంతపు వార్మ్‌వెల్ నుంచి ఈ మార్క్ 1 విమానాలనే నడిపింది. ఆ దళం చిహ్నంలో నిజాం తలపాగా ఉంటుంది, విమానాల పక్కన యు.ఎం. అనే అక్షరాలు ఉంటాయి. మన ఊరి పేరు మోసిన విమానాన్ని మన ఊళ్లో బల్ల మీద కట్టుకోవాలన్న కోరిక ఎప్పటినుంచో ఉన్నదే.

ఇక వైస్. రాణిగంజ్ హార్డ్‌వేర్ దుకాణాల్లో దొరికే చిన్న వైస్‌లు రెండు రకాలు. ఒకటి బల్ల అంచుకు స్క్రూతో బిగించేది, రెండవది అడుగున రబ్బరు కప్పుతో గాలి పీల్చుకుని అతుక్కునేది. రెండవది చూడటానికి సుఖంగా ఉంటుంది, లీవరు ఒక్కసారి వాలిస్తే చాలు. కానీ అది సన్‌మైకా లేదా గాజు వంటి నున్నటి ఉపరితలం మీదే నిలుస్తుంది, గరుకు చెక్కబల్ల మీద కాసేపటికే వదిలేస్తుంది. చేత్తో ఆపుకోలేని మనిషికి మోడల్‌తో సహా వైస్ పక్కకు ఒరగడం ఎంత చిరాకో చెప్పనక్కరలేదు. నేను తీసుకున్నది మొదటి రకం. మెడలో గుండ్రటి బంతి కీలు ఉండి, ఒకే ఒక పెద్ద పిడిని తిప్పితే వంపు, తిరుగుడు రెండూ ఒకేసారి బిగుసుకుంటాయి. ఆ పిడిని అరచేతితో తిప్పవచ్చు. ఎడమచేత్తోనైనా, మోచేయి ఆనించుకునైనా పని జరుగుతుంది. ఇదే వైస్‌ను ఒక్కో కీలుకు ఒక్కో చిన్న చెవినట్టుతో కూడా అమ్ముతున్నారు. అది కాస్త చవక, అయినా తీసుకోవద్దు. ఆ చెవినట్టును తిప్పాలంటే మళ్లీ కొసపట్టే కావాలి.

వైస్ దవడలకు రబ్బరు ముక్కలు ఉన్నా విమానం బాడీని నేరుగా వాటి మధ్య పెట్టడం మంచిది కాదు. లోపల బోలుగా ఉన్న పాలీస్టైరీన్ ప్లాస్టిక్ గోడలు వంగి, అతుకు పొడవునా సన్నని చీలిక వస్తుంది. ముక్కు దగ్గర ప్రొపెల్లర్ ఇరుసు కోసం ఉన్న రంధ్రంలో వెదురుపుల్ల దూర్చి, ఆ పుల్లను దవడల్లో బిగిస్తే మోడల్ గాలిలో నిలబడుతుంది, ఎటు కావాలంటే అటు తిరుగుతుంది. అలా నిలిపాక, జీవితంలో మొదటిసారి, రెండు చేతులూ ఖాళీగా పెట్టుకుని మోడల్ అడుగుభాగాన్ని తీరిగ్గా చూశాను. చేతికి ఏ దెబ్బా లేనివారు కూడా ఈ ఏర్పాటు ఎందుకు చేసుకోరో నాకు అర్థం కాదు. నాలుగు పనిముట్లలో డబ్బుకు పూర్తి న్యాయం చేసినది ఈ వైస్ ఒక్కటే.

క్లిప్పుల స్టాండు గురించి అంత ఉత్సాహంగా చెప్పలేను. సుల్తాన్ బజార్ మెట్రోలో దిగితే గుజరాతీ గల్లీకి నడిచి వెళ్లవచ్చు. సోల్డరింగ్ సామాన్లు అమ్మే ఏ దుకాణంలో అడిగినా, ఇనుప దిమ్మ మీద రెండు చేతులు, వాటి చివర మొసలి నోటి క్లిప్పులు, మధ్యలో ఒక భూతద్దం ఉన్న ఈ స్టాండును కొన్ని వందల రూపాయలకే ఇస్తారు. నా చేతి కట్టును చూసిన దుకాణదారు, "అన్నా, గీ క్లిప్పుల పండ్లు ప్లాస్టిక్‌ల గుచ్చుకుంటయి, స్లీవ్ తొడిగి లైటర్ చూపియ్యి, బిగుసుకుంటది" అని చెప్పి, తీగల అతుకుల మీద వేసే నల్లటి స్లీవ్ ముక్కలను ఊరికే ఇచ్చాడు. ఆ సలహా ఈ స్టాండుకు ప్రాణం పోసింది. స్లీవ్ లేని క్లిప్పు రెక్క అంచున పెడితే వరుసగా చిన్న గుంటలు పడతాయి, అవి రంగు వేశాక ఇంకా స్పష్టంగా కనిపిస్తాయి. అయినా రెండు లోపాలు మిగిలాయి. దిమ్మ తేలిక కనుక చేయి కొద్దిగా తగిలినా స్టాండు మొత్తం జరుగుతుంది. కింద ఒక పాలరాతి ముక్క అతికిస్తే ఇది తీరుతుంది. రెండవది తీరనిది. క్లిప్పు తెరవాలంటే దాని తోకను కొసపట్టుతోనే నొక్కాలి, స్ప్రింగు కూడా మొండిది. నేను ఎడమచేతితో తెరిచి, కుడిచేతితో పార్టును లోపలికి నెడుతున్నాను. రెండు చేతులకూ దెబ్బ తగిలినవారికి ఈ స్టాండు పనికిరాదు. భూతద్దం గురించి చెప్పాలంటే, అది ఉన్నట్టే గానీ ఉపయోగపడదు. అంచుల్లో గీతలు వంకరగా కనిపిస్తాయి, దానికంటే తలకు పెట్టుకునే రకం ఎంతో మేలు.

తిరగబడ్డ ట్వీజర్ వింతైన వస్తువు. మామూలు ట్వీజర్‌ను నొక్కితే మూసుకుంటుంది, వదిలితే తెరుచుకుంటుంది. దీన్ని నొక్కితే తెరుచుకుంటుంది, వదిలేస్తే పార్టును పట్టుకుని అలాగే ఉండిపోతుంది. స్పర్శ పోయిన వేలికి ఇది ఎందుకు అవసరమో కాస్త వివరించాలి. ఆరోగ్యమైన వేలి కొస తాను ఎంత నొక్కుతున్నదో ప్రతి క్షణం మనకు తెలియజేస్తూ ఉంటుంది. ఆ కబురు అందకపోతే చేయి జారిపోతుందేమోనన్న భయంతో అవసరానికి మించి నొక్కుతుంది. మామూలు ట్వీజర్‌లో ఆ అదనపు బలం కొసలను పక్కకు మెలితిప్పుతుంది. స్పిట్‌ఫైర్ అద్దం, ఎగ్జాస్ట్ గొట్టం వంటి నున్నటి పార్టు టక్కున ఎగిరి సోఫా కిందికి చేరడానికి ఇదే కారణం. తిరగబడ్డ ట్వీజర్‌లో పట్టుకునే బలం స్ప్రింగుదే, మన వేలికి తెలిసినా తెలియకపోయినా అది మారదు. పార్టును పట్టించి ట్వీజర్‌ను బల్ల మీద పెట్టేసి, జిగురు సీసా మూత తీసుకుని, తీరిగ్గా మళ్లీ అందుకోవచ్చు. ఆ వెసులుబాటు అలవాటయ్యాక మామూలు ట్వీజర్ జోలికి వెళ్లబుద్ధి కాదు. అయితే స్ప్రింగు బలం పార్టు సున్నితత్వాన్ని ఎరగదు. పారదర్శక పార్టులను, విమాన వేగాన్ని కొలిచే సన్నటి పిటాట్ గొట్టాన్ని దీనితో పట్టుకోకూడదు. వాటికి పుల్ల కొసన అంటించిన బ్లూ ట్యాక్ (మళ్లీ ఊడదీయగల మెత్తటి జిగట పదార్థం) ముద్దే సరైనది. కొనేటప్పుడు కాళ్లకు చెక్క లేదా ఫైబర్ పట్టీ ఉన్నదాన్నే అడగాలి, వట్టి ఉక్కుదైతే చెమట పట్టిన చేతిలో జారుతుంది.

కత్తి, నిప్పర్, జిగురు విషయంలో కొత్తగా కొన్నది తక్కువ. కత్తి పిడికి సైకిల్ హ్యాండిల్‌కు వేసే స్పాంజి తొడుగు వేసి లావు చేస్తే వేళ్లు పూర్తిగా ముడవనక్కరలేదు. మొద్దుబారిన వేలు తెగినా నొప్పి తెలియదు, రక్తం కనిపించాకే తెలుస్తుంది. అందుచేత ఆ వేలికి దర్జీలు పెట్టుకునే లోహపు తొడుగు తప్పనిసరి అంటాను. ఒకే వైపు పదునుండే జపాన్ నిప్పర్‌కు తక్కువ బలం చాలుతుంది, స్ప్రింగు ఉంటుంది కనుక దానంతటదే తెరుచుకుంటుంది. అయితే దాని పదును పెళుసు, పార్టులు అతుక్కుని వచ్చే చట్రపు లావైన కాడలకు వాడితే అంచు విరుగుతుంది. లావు కాడలకు మామూలు నిప్పర్‌తో దూరంగా ఒక కోత, పార్టు దగ్గర మాత్రమే దీనితో రెండవ కోత. అరగదీయడానికి ఎమరీ కాగితాన్ని గాజుపలకకు అంటించి, పార్టునే దాని మీద రుద్దుతున్నాను, అప్పుడు వేళ్లకు బదులు భుజం పని చేస్తుంది. జిగురులో పల్చటి రకమే మేలు. బాడీ రెండు సగాలను టేపుతో, రబ్బరు బ్యాండ్లతో కలిపి ఉంచి, అతుకు మీద కుంచె ఆనిస్తే చాలు, ద్రవం సందులోకి తనే పాకుతుంది. నొక్కి పట్టుకోవలసిన పని లేదు. ఫెవిక్విక్ వంటి జిగురులో ఈ సౌలభ్యం లేకపోగా, స్పర్శ లేని వేలు పార్టుకు అంటుకుపోయినా మనకు తెలియదు.

ఎక్కువ డబ్బు పోసినది, ఎక్కువ ఆలోచించవలసి వచ్చినది ట్రిగ్గర్ ఎయిర్‌బ్రష్. మామూలు డబుల్ యాక్షన్ ఎయిర్‌బ్రష్‌ను పెన్నులా పట్టుకుని, చూపుడువేలితో మీట కిందికి నొక్కితే గాలి, అదే వేలితో వెనక్కి లాగితే రంగు వస్తాయి. ఒకే వేలు ఒకేసారి రెండు దిక్కుల్లో సన్నగా కదలాలి, అదీ గంటల తరబడి. కుట్టిన టెండన్ ఉన్న వేలిని అడగకూడని పని ఏదైనా ఉంటే అది ఇదే. ట్రిగ్గర్ రకాన్ని పిస్తోలులా అరచేతిలో పట్టుకుంటాము. ట్రిగ్గర్‌ను కొద్దిగా లాగితే మొదట గాలి వస్తుంది, ఇంకా లాగితే సూది వెనక్కి జరిగి రంగు వస్తుంది. నొక్కడం లేదు, లాగడం ఒక్కటే. పైగా ఆ లాగడం చూపుడువేలిదే కానవసరం లేదు. నేను మధ్యవేలు, ఉంగరపు వేలు కలిపి లాగుతున్నాను. చూపుడువేలు పక్కన చాచి ఊరికే ఉంటుంది. వెనుక ఉన్న చిన్న మరతో ట్రిగ్గర్ ఎంతవరకు రావాలో ముందే కట్టడి చేయవచ్చు కాబట్టి, వేలు వణికినా రంగు ఒక్కసారిగా కక్కదు.

స్పిట్‌ఫైర్ పైభాగానికి టామియా ఎక్స్ఎఫ్-52 మట్టిరంగు, దాని మీద ఎక్స్ఎఫ్-81 ముదురాకుపచ్చ, అడుగున ఎక్స్ఎఫ్-21 స్కై వేశాను. రంగును దాని సొంత థిన్నర్‌తో దాదాపు సమానంగా కలిపి, సుమారు 15 పీఎస్ఐ (గాలి పీడనపు కొలత) గాలితో కొడితే విశాలమైన రెక్కల మీద పూత ఎక్కడా మచ్చ లేకుండా వచ్చింది. రెండు రంగులు కలిసే వంకర అంచుల దగ్గర మాత్రం పెన్ను రకంతో వచ్చే సూక్ష్మత నాకు దీనితో రాలేదు. రంగు పడకుండా అడ్డుపెట్టే మాస్కింగ్ పుట్టీని సన్నటి తాళ్లలా చేసి అంచున పరిచి కొట్టినప్పుడు ఆ కొరత తీరింది, కానీ ఆ తాళ్లు చేయడానికి మళ్లీ వేళ్లే కావాలి. అరచేత్తో పలక మీద దొర్లిస్తే కొంత నయం. హైదరాబాద్ ఏప్రిల్, మే నెలల పొడి వేడిలో అక్రిలిక్ రంగు సూది కొసన నిమిషాల్లో గడ్డకడుతుంది. అందరూ దాన్ని గోటితో గిల్లేస్తారు, మాబోటివారు థిన్నర్‌లో ముంచిన కుంచెను పక్కన సిద్ధంగా ఉంచుకుని తుడవాలి. రంగులో, ఎండటాన్ని నిదానం చేసే రిటార్డర్ రెండు చుక్కలు కలిపితే ఆ బెడద చాలావరకు తగ్గుతుంది.

ఈ ఎయిర్‌బ్రష్‌తో నాకున్న అసలు ఫిర్యాదు శుభ్రం చేయడం దగ్గర. చేతికి ఇంత సుఖమైన పిడి ఇచ్చిన తయారీదారు, రంగు బయటికొచ్చే కొసన ఉన్న నాజిల్‌ను మాత్రం బియ్యపు గింజంత చేసి, చిన్న స్పానర్‌తో విప్పమంటాడు. ఆ గింజ సింకులో పడితే ఇక అంతే. నేను ఎయిర్‌బ్రష్‌ను ముక్కు పైకి ఉండేలా వైస్‌లో బిగించి, కింద తెల్లటి గుడ్డ పరిచి, ఎడమచేత్తో స్పానర్ తిప్పుతున్నాను. రంగు మార్చిన ప్రతిసారీ విప్పకుండా క్లీనర్ పోసి కొట్టేస్తూ, పని పూర్తయిన రోజునే విప్పడం అలవాటు చేసుకోవాలి. దీని బరువు కూడా పెన్ను రకం కంటే ఎక్కువే. గాలి గొట్టాన్ని బల్ల అంచున కొక్కేనికి తగిలిస్తే మణికట్టు మీద లాగుడు తగ్గుతుంది. రంగు సీసాల మూతలు ఎండిన రంగుతో బిగుసుకుపోతే, పాత సైకిల్ ట్యూబు ముక్క చుట్టి పిడిపట్టుతో తిప్పితే తేలిగ్గా వస్తాయి.

డెకాళ్లు, అంటే నీటిలో నానబెట్టి మోడల్ మీదికి జార్చే ముద్రిత గుర్తులు, అతికించే వేళకు పైన చెప్పిన నాలుగింటిలో రెండు కలిసి పని చేశాయి. యు.ఎం. అక్షరాలు కిట్‌లో లేవు, విడిగా తెప్పించుకున్న షీట్‌లోవి. గోరువెచ్చని నీటిలో నానిన కాగితాన్ని తిరగబడ్డ ట్వీజర్ పట్టుకుంది. వైస్ మోడల్‌ను పక్కకు వాల్చి ఉంచింది. తడి కుంచెతో ఎడమచేతిమీదుగా అక్షరాన్ని కాగితం నుంచి బాడీ మీదికి జార్చాను. అక్షరాన్ని వేలితో అద్దే పాత అలవాటును మానాలి, మొద్దుబారిన వేలికి తడి తెలియదు, ఎంత అద్దామో తెలియదు, చివరికి అక్షరం వేలితోపాటే లేచి వస్తుంది.

కొనదలచినవారు ముందుగా వైస్‌ను, తిరగబడ్డ ట్వీజర్‌ను తీసుకోవచ్చు. రెండింటికీ కలిపి పెద్దగా ఖర్చు కాదు, చేయి పూర్తిగా కోలుకున్నాక కూడా బల్ల మీద ఉంటాయి. ఎయిర్‌బ్రష్ ఇంటి ఖర్చులో కనిపించే వస్తువు కనుక, వీలైతే ఎవరైనా మిత్రుడి దగ్గర ఒకసారి పట్టుకుని, ఏ వేలితో లాగగలరో చూసుకున్నాకే ఆర్డర్ పెట్టండి. ఎడమచేత్తో పని చేసేవారు రంగు కప్పు పక్కన అమర్చే రకమైతే, ఆ కప్పును రెండో వైపుకు మార్చుకునే వీలుందో లేదో అడిగి తెలుసుకోవాలి. ఆ వీలు లేనిదాంట్లో కప్పు మన అరచేతి వైపే వచ్చి కూర్చుంటుంది.